బుధవారం కట్ట పలచబడితే: అమెరికన్ కామిక్స్‌లో ఖాళీ వారం ఎందుకొస్తుంది, అప్పుడు ‘కొత్తది’ అంటే ఏది?

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం నాడు షాపులకొస్తాయి. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటూ, ఆఫీసు నుంచి వచ్చే దారిలో కామిక్స్ షాపు దగ్గర ఆగే మనవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. క్రమం తప్పకుండా కొనేవాళ్ల పుస్తకాలను షాపువాళ్లు ముందే తీసి, పేరు రాసి పక్కన పెడతారు. ఎవరికేం తీసిపెట్టాలో రాసుకున్న జాబితాను పుల్ లిస్ట్ అంటారు. ఒక వారం ఆ కట్టలో ఏడెనిమిది పుస్తకాలుంటాయి, ఇంకో వారం ఒకటో రెండో. కట్ట పలచబడిన వారం ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒకటే: ఎలాగూ వచ్చాం కదా, కొత్తగా ఏది పట్టుకెళ్దాం?

నాలుగు పేర్లు చెప్పి ఊరుకోవడం తేలిక. పేర్లు ఇక్కడా వస్తాయి. కానీ ఆ వారం ఎందుకు పలచబడింది, అల్మరాలో కనిపిస్తున్న కొత్త పుస్తకం ఎవరి డబ్బుతో అక్కడికొచ్చింది, దాని మీదున్న ‘నంబర్ 1’కి అర్థమేంటి అన్నవి తెలియకుండా ఏ పేరు ఎవరికి పనికొస్తుందో తేల్చడం కష్టం.

## నెలకు నాలుగు వాటాలు, ఐదో బుధవారం

మొదటి కారణం ఉత్త అంకగణితం. ఎక్కువ సీరీస్‌లు నెలకో సంచిక చొప్పున వస్తాయి. ప్రచురణకర్తలు వాటిని మొదటి బుధవారం కొన్ని, రెండో బుధవారం కొన్ని అని నాలుగు వారాలకూ పంచుతారు. నెలలో ఐదో బుధవారం పడిందంటే దాని వాటాకు సరుకు ఉండదు. అందుకే ఆ వ్యాపారంలో ‘ఐదో వారం’ అంటే చాలు, సంగతి అర్థమైపోతుంది.

2025నే చూద్దాం. జనవరి 1 బుధవారం, డిసెంబరు 31 కూడా బుధవారమే. ఏడాదికి 53 బుధవారాలు. పన్నెండు నెలలకు నాలుగేసి చొప్పున 48 తీసేస్తే ఐదు మిగులుతాయి: జనవరి 29, ఏప్రిల్ 30, జులై 30, అక్టోబరు 29, డిసెంబరు 31. 2026లో ఇలాంటివి నాలుగే: ఏప్రిల్ 29, జులై 29, సెప్టెంబరు 30, డిసెంబరు 30. డిసెంబరు ఆఖరు వారానికి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. ఐదో వారమూ అదే, సెలవులూ అప్పుడే.

ఈ ఖాళీని ఏం చేయాలన్నదానిపై ప్రచురణకర్తలు రకరకాల ప్రయోగాలు చేశారు. 1990ల చివర్లో డీసీ కంపెనీ ఐదో వారాల కోసమే ప్రత్యేక సంచికల గుంపులు వేసింది. 1997లో ‘టాంజెంట్’ పేరుతో, 1998లో ‘గర్ల్‌ఫ్రెంజీ’ పేరుతో వచ్చినవి అలాంటివే. తర్వాతి కాలంలో ఆ చోటును ఎక్కువగా ‘యాన్యువల్స్’ నింపాయి. ఏడాదికోసారి వచ్చే ఈ లావుపాటి సంచికలో తరచూ ఒకే కథ మొదలై అందులోనే ముగుస్తుంది.

షాపువాళ్లు చాలామంది ఇలాంటి ప్రయత్నాలను ఇష్టపడతారు. అద్దె ఐదో వారానికీ కట్టాలి, జీతాలూ ఇవ్వాలి, జనం లోపలికి రాకపోతే ఎలా అన్నది వాళ్ల వాదన. పాఠకుల్లో ఒక వర్గం దీనికి ఒప్పుకోదు. ఐదో వారం జేబుకు దొరికే విరామం, దాన్నీ ఏదో ఒక ‘మహా సంఘటన’తో నింపితే నెల బడ్జెట్ దాటిపోతుందంటారు. రెండిట్లోనూ నిజముంది. నాకు మాత్రం యాన్యువల్ మధ్యేమార్గంలా కనిపిస్తుంది. కొన్నా ఒక్కటే, కొనకపోయినా కథ తెగదు.

రెండో కారణం ఆలస్యం. మామూలు సంచికలో కథ ఇరవై పేజీలు. ఒక చిత్రకారుడు రోజుకో పేజీ గీస్తే పని దినాల లెక్కన నాలుగు వారాలు అక్కడికే సరి. ఇంకు, రంగులు, మాటల బుడగలు ఆ తర్వాత. మధ్యలో జ్వరం వస్తే సర్దుకునే చోటే లేదు. 2017 నవంబరులో మొదలైన ‘డూమ్స్‌డే క్లాక్’ అనే డీసీ సీరీస్ 12 సంచికలే, అయినా పూర్తయ్యేసరికి 2019 డిసెంబరు వచ్చింది. మూడో రకం ఖాళీ ఇంకా సొంతది: షాపు నిండుగానే ఉంటుంది, మన కట్టలోవే రాలేదు. కొత్తది వెతుక్కోవడానికి అన్నిటికన్నా అనుకూలమైనది ఈ మూడో రకం వారమే, ఎందుకంటే అప్పుడు అల్మరాలో ఎంచుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

## బుధవారం చెదిరిన ఐదేళ్లు

ఇటీవలి ఏళ్లలో ఈ లెక్క తప్పడానికి పంపిణీ గొడవలు కూడా కారణం. 1990ల మధ్యలో మార్వెల్ కంపెనీ సొంతంగా ఒక పంపిణీ సంస్థను కొని దెబ్బతింది. ఆ కుదుపులో పోటీదారులందరూ పోయి, 1997 నాటికి అమెరికా కామిక్స్ షాపులకు దాదాపు ఒక్క డైమండ్ సంస్థే దిక్కయింది. రెండు దశాబ్దాలకు పైగా అంతా ఒకే గోదాము దారి.

2020లో కోవిడ్ సమయంలో డైమండ్ కొత్త పుస్తకాలు పంపడం ఆపేసింది. ఏప్రిల్ మొదటి నుంచి మే 20 దాకా అమెరికాలో ‘కామిక్స్ బుధవారం’ లేదనే చెప్పాలి. డీసీ ఆగలేదు. ఏప్రిల్ చివరికల్లా కొత్త పంపిణీదారులను పట్టుకుంది, జూన్‌లో డైమండ్‌కు పూర్తిగా దూరమైంది, తన పుస్తకాలను మంగళవారానికి మార్చేసింది. మళ్లీ బుధవారానికి వచ్చింది 2024 జులైలో. ఈలోగా 2021 అక్టోబరులో మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్‌కు, 2023లో మరో ప్రచురణకర్త ఇమేజ్ సంస్థ లూనార్ అనే పంపిణీదారుకు మారాయి. చివరికి 2025 జనవరి 14న డైమండ్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. దాని గోదాముల్లో అమ్మకానికి ఉంచిన చిన్న ప్రచురణకర్తల సరుకు ఎవరిదన్న వివాదం కూడా అక్కడే తేల్చుకోవాల్సి వచ్చింది.

షాపు యజమానికి దీనివల్ల ఒకే పార్సెల్ బదులు మూడు నాలుగు పార్సెళ్లు, మూడు నాలుగు బిల్లులు. పాఠకుడికి మాత్రం కనిపించేది ఒకటే: ‘మీదింకా రాలేదండీ’. ఆ వారం పలచబడింది క్యాలెండర్ వల్ల కాకపోవచ్చు, ఒక డబ్బా ఆలస్యం కావడం వల్ల కావచ్చు.

## అల్మరాలోని కాపీని షాపువాడు ఎప్పుడో కొనేశాడు

మన దగ్గర వారపత్రికలు అమ్మే ఏజెంటు అమ్ముడుపోని కాపీలను రిటర్న్ చేస్తాడు. అమెరికాలోనూ పూర్వం కామిక్స్ అలాగే పత్రికల బడ్డీల్లో అమ్మేవారు. 1973 ప్రాంతంలో ఫిల్ సూలింగ్ అనే వ్యాపారి ప్రచురణకర్తలతో వేరే బేరం కుదుర్చుకున్నాడు. ఎక్కువ తగ్గింపు ఇవ్వండి, మిగిలినవి వెనక్కి ఇవ్వం. దీన్నే ‘డైరెక్ట్ మార్కెట్’ అంటారు. ప్రత్యేకంగా కామిక్స్ షాపులంటూ నిలబడింది ఈ పద్ధతి మీదే.

దీని ప్రభావం కొత్త సీరీస్ మీద ఎలా పడుతుందో ఒక ఊహా షాపుతో చూద్దాం. 4.99 డాలర్ల పుస్తకం షాపుకు సగం ధరకే వస్తుందనుకుందాం. పది కాపీలు తెప్పిస్తే ఖర్చు 24.95. ఆరు అమ్ముడుపోతే వచ్చేది 29.94, మిగిలేది 4.99. అదే షాపు సరిగ్గా ఆరే తెప్పించి ఉంటే మిగిలేది 14.97. నాలుగు కాపీలు అదనంగా తెప్పించినందుకు లాభంలో మూడింట రెండు వంతులు పోయింది. దారి ఖర్చులు కలపకుండానే ఇది. అందుకే తెలియని రచయిత, తెలియని పాత్ర ఉన్న పుస్తకం దగ్గర షాపువాడి చేయి వణుకుతుంది. కొన్ని కొత్త పుస్తకాలకు ప్రచురణకర్తలే రిటర్న్ సదుపాయం ఇస్తుంటారు, కానీ అది మినహాయింపు.

పైగా టైము కూడా కలిసిరాదు. పుస్తకం వివరాలు రెండు మూడు నెలల ముందే షాపులకు వస్తాయి. ఆర్డర్ మార్చుకునే ఆఖరు గడువు, అంటే ‘ఫైనల్ ఆర్డర్ కటాఫ్’, సాధారణంగా విడుదలకు మూడు నాలుగు వారాల ముందు. ఒక సీరీస్ మొదటి సంచిక అక్టోబరు 1న వచ్చిందనుకుందాం, రెండోది నవంబరు 5న. రెండో దాని గడువు అక్టోబరు రెండో వారంలోనే ముగుస్తుంది. మొదటి సంచిక ఎలా పోతుందో చూడటానికి షాపుకు దొరికేది రెండు బుధవారాలు. అక్టోబరు 29న, ఖాళీ వారం కదా అని, మీరు ఆ మొదటి సంచిక కొని ఇష్టపడ్డారు. ఆ ఇష్టం రెండో సంచిక ఆర్డర్లోకి ఎక్కదు. మూడో దానికి ఎక్కాలన్నా, ఆ సంగతి షాపువాడి చెవిన వేస్తేనే.

‘కొత్త సీరీస్ బతకాలంటే పాఠకులు ముందే ఆర్డర్ చెప్పాలి’ అన్న మాట రచయితల నోట తరచూ వినపడేది ఇందుకే. దీనికి గట్టి ఎదురువాదమూ ఉంది. చూడని పుస్తకానికి మూడు నెలల ముందు మాటివ్వడం పాఠకుడి పనా? మార్కెట్ అంచనా వేయాల్సింది ప్రచురణకర్త కాదా? అల్మరా ముందు నిలబడి తిరగేస్తూ ఏదో ఒకటి దొరికించుకోవడమే షాపుకెళ్లే ఆనందం, దాన్ని ఫారం నింపే పనిగా మారిస్తే ఇక ఇంట్లో కూర్చుని ఫోన్లో కొనుక్కోవచ్చు కదా అంటారు వాళ్లు. ఇద్దరూ చెబుతున్నది ఒకే జబ్బు గురించి, మందు ఎవరు మింగాలన్నదే తగువు.

## నంబర్ 1 అంటే మొదలేనా?

అట్ట మీద 1 అని ఉంటే కథ మొదటి నుంచీ ఉంటుందనుకోవడం సహజం. అమెరికన్ కామిక్స్‌లో ఈ నమ్మకం తరచూ తప్పుతుంది. 2011 సెప్టెంబరులో డీసీ తన సూపర్‌హీరో సీరీస్‌లన్నీ ఆపి, ఒకే నెలలో 52 నంబర్ 1లు విడుదల చేసింది. 1938లో మొదలై 900 దాటిన ‘యాక్షన్ కామిక్స్’ కూడా మళ్లీ ఒకటికి వచ్చింది. 2016లో ఆలోచన మార్చుకుని దానికి పాత లెక్క తిరిగిచ్చారు, సంచిక సంఖ్య 957 అయింది. 2018లో 1000వ సంచిక వేడుకా జరిగింది. మార్వెల్ ఇంకో అడుగు ముందుకేసి అట్ట మీద రెండు అంకెలు వేస్తుంది, పెద్ద అక్షరాల్లో కొత్త నంబరు, పక్కన చిన్నగా పాత పరంపర లెక్క. ఆ చిన్న అంకె వందల్లో ఉంటే, ఈ ‘మొదటి’ సంచిక వెనక దశాబ్దాల కథ ఉందన్నమాట.

నంబర్ 1లు ఎందుకన్ని? అవి ఎక్కువ అమ్ముడుపోతాయి కాబట్టి. సేకరించేవాళ్లు కొంటారు, కొత్తవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. వేరే అట్టలతో వచ్చే ‘వేరియంట్లు’ దీనికి తోడు. 25 కాపీలు తెప్పించిన షాపుకు ఒక అరుదైన అట్ట కాపీ దక్కుతుందంటే, పన్నెండు మందే కొంటారని తెలిసినా షాపువాడు ఒక్కోసారి 25 చెబుతాడు, ఆ అరుదైన కాపీని ఎక్కువ ధరకు అమ్ముకుని లోటు పూడ్చుకుంటాడు. షాపులకు వెళ్లిన కాపీల లెక్కే అమ్మకాల జాబితాగా చలామణీ అయినప్పుడు ఆ మిగిలిన పదమూడూ ‘పాఠకులు’గానే కనిపిస్తాయి. జాబితాలో పై వరసలో ఉన్నంత మాత్రాన అంతమంది చదివారని కాదు.

నంబర్ 1 కంటే నమ్మదగిన గుర్తు అట్ట మీదే ఇంకోటి ఉంటుంది: ‘5లో 1’, ‘6లో 1’ అని అంకె పక్కన వేసే సంఖ్య. కథ ఎంత పొడవో, ఎప్పుడు ముగుస్తుందో ప్రచురణకర్త ముందే ఒప్పుకున్నట్టు. ఖాళీ వారంలో తెలియనిదాన్ని ఎంచుకునేవాళ్లకు నా దృష్టిలో ఈ చిన్న సంఖ్య ఏ పొగడ్త కన్నా ఎక్కువ చెబుతుంది.

## చేతికి ఎంత కథ వస్తుంది

మన పాఠకులకు దగ్గరగా ఉండే ఉదాహరణలు చూద్దాం. ముంబైలో పుట్టి లండన్‌లో ఉంటున్న రామ్ వి రాసిన మూడు సీరీస్‌లు ఈ పొట్టి పద్ధతికి మంచి నమూనాలు. ‘ది మెనీ డెత్స్ ఆఫ్ లైలా స్టార్’ (2021, బూమ్ స్టూడియోస్) అయిదే సంచికలు, బొమ్మలు ఫిలిపే ఆండ్రాడే. మొదటి సంచికలో మృత్యుదేవత పై అధికారి ముందు నిలబడి ఉంటుంది. అనేక చేతులున్న ఆ దేవతకు ఆయన చెప్పే వార్త, ఉద్యోగం పోయిందని. అమరత్వం కనిపెట్టబోయే పిల్లవాడు ముంబైలో పుడుతున్నాడు, ఇక చావుతో పనేముంది? ఆమెను మనిషి శరీరంలోకి దించేస్తారు. ఆస్పత్రిలో ఆ పసివాడి దగ్గరకు వెళ్తుంది కానీ చంపలేకపోతుంది. తర్వాత ఒక్కో సంచికా ఆ పిల్లవాడి జీవితంలో కొన్నేళ్లు ముందుకు దూకుతుంది. ఈ కథ చదవడానికి ముందు ఏ సూపర్‌హీరో చరిత్రా తెలియనక్కర్లేదు.

సుమిత్ కుమార్ బొమ్మలు వేసిన ‘దీజ్ సావేజ్ షోర్స్’ (2018-19, వాల్ట్) కూడా అయిదు సంచికలే. 18వ శతాబ్దపు మలబారు తీరం, ఈస్టిండియా కంపెనీ, లండన్ నుంచి వచ్చిన ఒక రక్తపిశాచి, అతనికి ఎదురయ్యే ఇక్కడి రాక్షసుడు. పేజీని తొమ్మిది సమాన గడులుగా కోసి, ఉత్తరాల రూపంలో కథ నడిపిస్తారు. ‘రేర్ ఫ్లేవర్స్’ (2023) ఆరు సంచికలు. అందులో తిండిపోతు రాక్షసుడొకడు ఒక కుర్ర దర్శకుణ్ని వెంటబెట్టుకుని దేశమంతా తిరుగుతూ వంటల మీద డాక్యుమెంటరీ తీయిస్తాడు. బకాసురుడి కథ వింటూ పెరిగినవాళ్లకు అందులోని చమత్కారం ఇంకొంచెం ఎక్కువే అందుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కొస 2024 అక్టోబరులో మొదలైన ‘అబ్సల్యూట్ బ్యాట్‌మన్’. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రగోటా బొమ్మలు. ఆస్తిపాస్తులు లేని బ్రూస్ వేన్ (బ్యాట్‌మన్ అసలు పేరు) ఇందులో కథానాయకుడు. పాత కథలతో ముడి తెంచారు కాబట్టి ఇది నిజమైన నంబర్ 1. కానీ ముగింపు ముందే చెప్పని సీరీస్. సరదాగా మొదలుపెట్టినవారికి నెల నెలా ఖర్చు ఖాయం.

ఇంకో దారి సంకలనాలు. బ్రిటన్‌లో 1977 ఫిబ్రవరి నుంచి వస్తున్న ‘2000 ఏడీ’ వారపత్రిక, అది కూడా బుధవారాల్లోనే. ప్రతి సంచికలో అయిదు దాకా సీరియళ్లు, ఒక్కోటీ కొద్ది పేజీలే. వారపత్రిక సీరియళ్ల కింద ‘సశేషం’ చదివిన తరానికి ఈ రుచి వెంటనే తగులుతుంది. అప్పుడప్పుడూ కథలన్నీ ఒకేసారి మొదలయ్యే సంచిక వేస్తారు, కొత్తవాళ్లు ఎక్కేందుకు. మధ్యలో ఎక్కితే మాత్రం అయిదు కథల్లో మూడు అర్థం కావు.

## విడిగా కొనడమా, సంపుటి కోసం ఆగడమా

ఐదారు సంచికలు కలిపి పుస్తకంగా వేస్తే దాన్ని ట్రేడ్ అంటారు. లెక్కకు ‘సాగా’ అనే సీరీస్ మంచి ఉదాహరణ. 2012 మార్చిలో మొదలైంది, సంచిక 2.99 డాలర్లు. మొదటి ఆరూ విడిగా కొన్నవారికి 17.94 అయింది. అదే అక్టోబరులో ఆ ఆరిటినీ కలిపిన సంపుటి 9.99కే వచ్చింది. డబ్బు ఒక్కటే చూస్తే తర్కం అక్కడితో ఆగిపోతుంది.

విడి సంచికల పక్షం వాదన వేరు. అందరూ ఆగితే సంపుటి దాకా చేరకుండానే సీరీస్ ఆగిపోవచ్చు, ఎందుకంటే షాపు ఆర్డర్లు చూసే ప్రచురణకర్త నిర్ణయం తీసుకుంటాడు. ఆగేవాళ్ల జవాబు: ‘సాగా’ లాంటివి నిలబడింది సంపుటాల అమ్మకాలతోనే, మాది కూడా మద్దతే. పైగా అదే సీరీస్ 2018లో 54వ సంచిక తర్వాత ఆగి, 2022 జనవరి దాకా రాలేదు. నెల నెలా కొన్నవారికి అది మూడున్నరేళ్ల ఖాళీ. వెనకబడి చదువుతున్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలిసి ఉండదు.

## హైదరాబాద్ నుంచి చూస్తే

మన ఊళ్లలో బుధవారం సాయంత్రం వెళ్లి ఆ రోజే విడుదలైన విడి సంచిక కొనుక్కునే ఏర్పాటు దాదాపు లేదు. పుస్తకాల షాపుల్లో దొరికేది ఎక్కువగా ట్రేడ్‌లే. విడి సంచిక కావాలంటే ఫోనే దిక్కు. మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో చందా కడితే పాత సంచికలు వేలల్లో చదవొచ్చు, కొత్తవి మాత్రం షాపుల్లోకి వచ్చిన కనీసం మూడు నెలలకు చేరతాయి. జపాన్ కామిక్స్ అయిన మాంగాకు షుయేషా సంస్థ 2019లో తెచ్చిన ‘మాంగా ప్లస్’లో చాలా సీరీస్‌ల మొదటి మూడు, తాజా మూడు అధ్యాయాలు ఉచితం. అక్కడా ఖాళీ వారాలు తప్పవు, కొత్త సంవత్సరానికి అక్కడి మాంగా వారపత్రిక ‘షోనెన్ జంప్’ రెండు వారాలకూ కలిపి జంట సంచిక వేసి సెలవు తీసుకుంటుంది.

వెనకటి సంచికలన్నీ వరసగా కనపడే యాప్‌లో పలచటి వారం అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. ఇక్కడి చిక్కు వేరే. అక్టోబరులో షాపుకొచ్చిన మొదటి సంచికను మనం యాప్‌లో జనవరిలో చదివి మెచ్చుకునే సమయానికి, అమెరికా షాపువాడు నాలుగో సంచికకు ఎన్ని కాపీలు కావాలో ఎప్పుడో చెప్పేసి ఉంటాడు.